ఆరెస్ డైరీ: 2,21,000 కిలోమీటర్లు, పోయిన బూస్టు, మాగిన సపోటా

జూన్ 14, 2025. ఓడోమీటర్ 2,21,340

నిన్న రాత్రి బెంగళూరు నైస్ రోడ్డు మీద మూడో గేర్‌లో తొక్కితే, మూడువేల ఆర్‌పీఎమ్ దాకా ఎప్పటిలాగే లాగి, అక్కడ ఎవరో వెనక నుంచి చొక్కా పట్టుకున్నట్టు నీరసపడిపోయింది. బానెట్ కింద కుడివైపు ఎక్కడో సైకిల్ ట్యూబుకి చిల్లు పడినట్టు ఉస్స్‌మని చప్పుడు. ఇంటికొచ్చి న్యూట్రల్‌లో పెట్టి చూస్తే ఐడిల్ (బండి కదలకుండా ఇంజిన్ ఊరికే తిరిగే వేగం) ముల్లు 700కీ 950కీ మధ్య ఉయ్యాల ఊగుతోంది. ఇంజిన్ లైటు కూడా వెలిగింది. సరే, మళ్లీ డైరీ తెరిచా.

బండి తెలియనివాళ్లకి: ఇది 2005 స్కోడా ఆక్టేవియా ఆరెస్, మన దగ్గరికి 2004లో వచ్చిన మొదటి తరం. 1.8 లీటర్ టర్బో పెట్రోల్ (టర్బో అంటే ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టే రెక్కల చక్రం, ఆ ఒత్తిడే బూస్టు), సిలిండర్‌కి ఐదు చొప్పున 20 వాల్వులు, 150 పీఎస్ (దాదాపు హార్స్‌పవర్ లాంటిదే), 210 న్యూటన్ మీటర్ల టార్కు, ఐదు గేర్ల మాన్యువల్. యూరప్‌వాళ్లకి ఇదే బండి 180 పీఎస్‌తో ఇచ్చారు, ఆ సంగతి గుర్తొచ్చినప్పుడల్లా కాస్త కడుపుమంట. నేను 2016లో 94,000 దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నా. మిగతా లక్షా ఇరవై ఏడు వేలు నావే, అందులో సగం మారతహళ్లి నుంచి సిల్క్ బోర్డు దాకా ఫస్టు, సెకండు గేర్లలో గడిచిందే.

ఈసారి తొందర ఎందుకంటే నవంబర్‌లో రిజిస్ట్రేషన్ గడువు అయిపోతుంది. పదిహేనేళ్లు నిండినప్పుడు, 2020లో, ఒకసారి రెన్యూ చేయించా. అది ఐదేళ్లే ఇస్తారు. ఇంజిన్ లైటు వెలుగుతూ, ఐడిల్ ఊగుతూ ఉన్న బండిని ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టడం నా వల్ల కాదు.

జూన్ 16

ఆఫీసుకి దగ్గర కదా అని ఒక గ్యారేజీలో చూపించా. కుర్రాడు ఇన్‌టేక్ పైపు ఊడదీసి, టర్బో రెక్కల మధ్య నట్టుని వేలితో పట్టుకుని అటూ ఇటూ ఊపి, "టర్బో పోయింది సార్, ప్లే చూడండి" అన్నాడు. లక్షా అరవై వేలకి కొటేషన్ కూడా చేతిలో పెట్టాడు. నేనూ ఊపి చూశా. పక్కలకి కొంచెం కదిలిన మాట నిజమే. కానీ ఈ టర్బో షాఫ్టు తిరిగేది నూనె పొర మీద తేలుతూ, ఇంజిన్ ఆగి ఉన్నప్పుడు ఆ పొర ఉండదు కాబట్టి పక్కలకి ఆ మాత్రం ఊగుతుంది. ముందుకీ వెనక్కీ కదిలితే, లేదా రెక్క అంచు గోడకి రాసుకున్న గీత కనిపిస్తే అప్పుడు భయపడాలి. టార్చి వేసి చుట్టూ చూశా, గీతల్లేవు. నీలం పొగ లేదు, నూనె తాగడం కూడా ఎప్పటిలాగే. కొటేషన్ మడిచి గ్లోవ్ బాక్సులో పెట్టుకుని వచ్చేశా.

రాత్రి హిందూపురం నుంచి నాన్న ఫోను. "దానికి పెట్టిన డబ్బుతో ఇంకో బండి వచ్చేది కదరా." తొమ్మిదేళ్లుగా ఇదే మాట, నిజం కూడా.

జూన్ 22, ఆదివారం

ఏం కొనకముందు కొలుద్దామని లాప్‌టాప్, బండి కంప్యూటర్‌ని చదివే వీసీడీఎస్ కేబుల్ తీసుకుని కూర్చున్నా. రెండు ఎర్రర్ కోడ్లు. 17544: ఐడిల్ దగ్గర మిశ్రమం పల్చన, కంప్యూటర్ పెట్రోల్ కలిపీ కలిపీ అలిసిపోయింది. 17705: టర్బోకీ థ్రాటిల్‌కీ (ఇంజిన్‌లోకి గాలి వదిలే తలుపు) మధ్య ఒత్తిడి పడిపోతోంది. నాకు సంతోషం వేసింది నిజానికి. ఒకటి ఇంజిన్ లోపలికి దొంగగాలి వస్తోందని చెబుతోంది, ఇంకోటి ఉన్న గాలి బయటికి పోతోందని. రెండూ రబ్బరు జబ్బులే.

032వ బ్లాక్‌లో రెండు అంకెలు ఉంటాయి, ఈ ఇంజిన్ ఉన్న ఎవరైనా ముందు చూడాల్సింది అదే. కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచుతోందో చెప్పేవి: మొదటిది ఐడిల్ సవరణ, రెండోది నడుస్తున్నప్పటి సవరణ. నాకు మొదటిది +7.4, రెండోది +6.1 వచ్చాయి. మొదటిది అంత ఎక్కిందంటే మాఫ్ సెన్సర్ (లోపలికొచ్చే గాలిని కొలిచేది) లెక్కపెట్టని గాలి ఎక్కడినుంచో దూరుతోంది. ఐడిల్‌లో లోపలికొచ్చే మొత్తం గాలే కొద్దిగా కాబట్టి ఆ చిన్న చిల్లే పెద్దగా కనిపిస్తుంది. రెండో అంకె చూసి ఫ్యూయల్ పంపు కూడా పోయిందా అని ఓ పూట టెన్షన్ పడ్డా. తర్వాత వెలిగింది, అది ఈ20 (20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్) పుణ్యం. ఇథనాల్‌లోనే ఆక్సిజన్ ఉంటుంది, దాంతో అదే గాలికి ఇంధనం ఎక్కువ పోయాలి. ఉత్త పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి అయితే 20 శాతం ఇథనాల్‌కి 13.5 చిల్లర. తేడా ఎనిమిది శాతం దాకా ఉంటుంది. 2005లో ఈ బండి లెక్కలు రాసినవాళ్లకి ఈ పెట్రోల్ సంగతి తెలియదు కదా, పాపం కంప్యూటరే సర్దుకుపోతోంది. పాత లాగులు (లాప్‌టాప్‌లో దాచిన రీడింగులు) తీసి చూస్తే మూడేళ్ల కింద అదే అంకె +1.8.

తర్వాత తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద మూడో గేర్‌లో ఒక్క పరుగు, పక్కన బావమరిది లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని. కంప్యూటర్ అడిగిన ఒత్తిడి 1600 మిల్లీబార్, వచ్చింది 1310. టర్బో ఒత్తిడిని అదుపు చేసే ఎన్75 వాల్వు డ్యూటీ (పని చేసే వంతు) 95 శాతం, అంటే కంప్యూటర్ "ఇంకా, ఇంకా" అని టర్బోని తరుముతూనే ఉంది. మాఫ్ గరిష్ఠం సెకనుకి 96 గ్రాములు. గ్రాముల్ని 0.8తో భాగిస్తే సుమారుగా హార్స్‌పవర్ అని ఓ మోటు లెక్క ఉంది. 150 రావాలంటే 120 గ్రాములు పీల్చాలి. ఇది 96 పీల్చి, అందులోనూ కొంత దారిలో పారబోస్తోంది.

ఇక్కడో పిడకల వేట. చెన్నైలో ఇదే బండి ఉన్న స్నేహితుడు తన లాగు పంపి, "నీ ఒత్తిడి సెన్సర్ కూడా పోయింది, ఇంజిన్ ఆపి ఉన్నా 910 చూపిస్తోంది, నాది 1010" అన్నాడు. వాడుండేది సముద్రం ఒడ్డున, నేనుండేది తొమ్మిది వందల మీటర్ల పైన. ఇక్కడ గాలి ఒత్తిడే అంత. వాడి లాగుతో పోల్చుకుని ఉంటే మంచి సెన్సర్ మార్చేసేవాణ్ని. ఇంకో మాట, ఒకే 1600 కోసం ఇక్కడ టర్బో వాడిదానికంటే ఎక్కువ తిరగాలి, కాబట్టి చిన్న లీకేజీ కూడా బెంగళూరు బండికి ముందు తెలుస్తుంది.

జులై 5, శనివారం

మా అపార్ట్‌మెంట్ బేస్‌మెంట్‌లో రిపేర్లు చేయకూడదని బోర్డు పెట్టారు (పోయినసారి నేను ఒలకబోసిన కూలెంట్ గుర్తుగా). అందుకని హొసకోట దాటాక ఉన్న మా మెకానిక్ అన్న షెడ్డుకే పోయా. ఆయనది ముళబాగిలు. ఇంట్లో తెలుగు, షెడ్డులో కన్నడం, బోల్టు రాకపోతే ఉర్దూ.

"ఏం సార్, మళ్లా ఏం పీకేసినారు దీన్ని?" అన్నాడు బండి ఆగకముందే.

లీకు పరీక్షకి కావాల్సినవన్నీ ఇంట్లోనే చేసుకున్నా. హార్డ్‌వేర్ షాపులో 75 మిల్లీమీటర్ల పీవీసీ ఎండ్ క్యాప్, దానికి మధ్యలో చిల్లు పెట్టి పంచర్ షాపు దగ్గర కొన్న ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించడం, అంతే. మొత్తం నూటయాభై కూడా కాలేదు. మాఫ్ ఊడదీసి, టర్బో నోటికెళ్లే రబ్బరు పైపులో ఈ మూత పెట్టి క్లిప్ బిగించి, గాలి పంపుతో పది పాయింట్లు కొట్టాలి. ఎవరైనా చేస్తే ఒకటి మర్చిపోవద్దు: ఆ పైపులోకే ఇంజిన్ శ్వాసగొట్టం (లోపలి నూనె ఆవిరి బయటికొచ్చే దారి) కూడా వచ్చి కలుస్తుంది. దాన్ని మూయకుండా గాలి కొడితే ఒత్తిడంతా క్రాంక్‌కేస్‌లోకి (ఇంజిన్ కింది గదిలోకి) పోయి ఆయిల్ సీళ్లని బయటికి తంతుంది. చిల్లు వెతకబోతే కొత్త చిల్లు.

కుడి ముందు చక్రం తీసి, లోపలి ప్లాస్టిక్ లైనర్ విప్పితే టర్బో గాలిని చల్లార్చే ఇంటర్‌కూలర్. దాని కింది పైపు దగ్గర మట్టీ నూనే కలిసి నల్లటి ముద్ద. సర్ఫ్ నీళ్లు కొట్టగానే క్లిప్ కింద నుంచి పిల్లల బుడగల సీసాలా బుసబుసా నురగ. క్లిప్ ఊడదీస్తే, ఎవరో ఎప్పుడో (నేనే అయ్యుండొచ్చు, 2019లో) వేసిన గంట్లున్న మామూలు స్క్రూ క్లిప్, దాని పళ్లు రబ్బరులో దిగి చుట్టూ చాకుతో గీసినట్టు కోసేశాయి. పైనుంచి చూస్తే పైపు బాగానే ఉంటుంది. వంచితే నోరు తెరుస్తుంది.

అన్న దాన్ని వేళ్ల మధ్య వంచి చూసి, "టర్బో బాగుండాది సార్. గాలి పోయే సందు ఇదీ" అన్నాడు.

పైపు దొరికేదాకా కోసినంత మేర కత్తిరించి, లోపలంచు నున్నగా ఉండే క్లిప్ బిగించి సరిపెట్టాం. అడిగిన 1600కి 1470 వచ్చింది. ఐడిల్ మాత్రం అలాగే ఊగుతోంది.

జులై 20, ఆదివారం

ఇప్పుడు దొంగగాలి. అన్న దగ్గర పొగ మిషన్ లేదు. బానెట్ ఎత్తి, పెట్రోల్ వాసన ఎక్కడా లేదని నిర్ధారించుకుని, పక్కన మంటలార్పే సిలిండర్ పెట్టుకుని అగరుబత్తి వెలిగించా. ఇంజిన్ ఐడిల్‌లో ఉండగా ఒక్కో పైపు చుట్టూ నెమ్మదిగా తిప్పితే, లీకు ఉన్నచోట పొగ నిటారుగా లేవకుండా లోపలికి వంగుతుంది. (కార్బ్ క్లీనర్ స్ప్రేతో వెతికే పద్ధతి వేరే ఉంది, రెండూ కలిపి చేస్తే డైరీలో ఇదే చివరి పేజీ అవుతుంది.) షెడ్డు పక్క టీకొట్టు పెద్దాయన వచ్చి, బండికి దండం పెట్టుకుంటున్నా అనుకుని, కాసేపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇన్‌టేక్ మానిఫోల్డ్ (సిలిండర్లకి గాలి పంచే గొట్టాలు) కింద పొగ మాయమైంది. ఎక్కడో తెలిసింది గానీ చెయ్యి పట్టదు. ఆయిల్ ఫిల్టర్ పైన, మానిఫోల్డ్ కిందన, శ్వాసగొట్టాల ముడి ఒకటి ఉంటుంది: ఇంగ్లీషు టీ ఆకారంలో ఒక గొట్టం, మోచెయ్యిలా వంగిన ఇంకో రబ్బరు గొట్టం, వాటి మధ్య ఒకవైపే గాలి వదిలే చిన్న వాల్వు. అన్న ఫిల్టర్ దింపి కింద నుంచి, నేను పైనుంచి, ఇద్దరి వేళ్లూ ఒకచోట కలిసేసరికి గంట. నేను మోచెయ్యి రబ్బరుని పట్టుకుని లాగా, బొటనవేలు అలాగే లోపలికి దిగిపోయింది. మాగిన సపోటా. ఇరవై ఏళ్ల నూనె ఆవిరికి రబ్బరు ఉబ్బి, మెత్తబడి, లోపలి గుడ్డ పొర పోగులు పోగులుగా వేలికి అంటుకొచ్చింది. మూడుసార్లు సబ్బుతో కడిగినా ఆ వాసన పోలేదు, సాయంత్రం మా ఆవిడ చపాతీ పిండి ముట్టుకోనివ్వలేదు.

వాల్వు కూడా అయిపోయింది. ఊదితే రెండు వైపులా గాలి పోతోంది. అది మూసుకోకపోతే బూస్టు వచ్చినప్పుడల్లా ఒత్తిడి తిరిగి క్రాంక్‌కేస్‌లోకి తన్నుతుంది. అంటే నాకు తగ్గిన 130 మిల్లీబార్‌లో దీనికీ వాటా ఉంది.

ఇంతలో నా ఘనకార్యం. మానిఫోల్డ్ పక్కన పానా తిప్పుతూ మోచేత్తో నూనె కొలిచే డిప్‌స్టిక్ గొట్టాన్ని తాకా. ఆ నారింజరంగు ప్లాస్టిక్ గరాటు ఇన్నేళ్ల వేడికి అప్పడంలా అయిపోయి ఉంది, టప్‌మని విరిగింది. ముక్కల్ని లెక్కపెట్టి, నేల మీద పరుచుకుని అతికించి చూస్తే ఒకటి తక్కువ. కచ్చితంగా గొట్టంలోకే పోయింది. నేను తెల్లమొహం వేసుకుని నిలబడితే అన్న ఒక్క మాట అనకుండా, సన్న ప్లాస్టిక్ ట్యూబుని వాక్యూమ్ క్లీనర్‌కి టేపు చుట్టి లోపలికి దింపాడు. రెండో ప్రయత్నానికి టిక్కుమని వచ్చి అంటుకుంది. ఇప్పుడు తలుచుకున్నా చెమటే.

ఆగస్టు 15

సెలవు. మోచెయ్యి, వాల్వు, ఇంటర్‌కూలర్ పైపు, గరాటు అన్నీ వచ్చాయి. స్పేర్ పార్టులమ్మే జేసీ రోడ్డులో నాలుగు కొట్లు తిరిగా. ఒకచోట "ఒరిజినల్ సార్" అని ఇచ్చిన డైవర్టర్ వాల్వు (యాక్సిలరేటర్ వదిలినప్పుడు మిగిలిన బూస్టుని మళ్లించేది) డబ్బా మీద అక్షరాలే అలికినట్టున్నాయి, పెట్టేసి వచ్చా. దీనికి 710ఎన్ అని చివరొచ్చే వాల్వు వాడితే సుఖం, పరీక్షా సులువే: కింద నుంచి వేలితో డయాఫ్రంని పైకి నొక్కి, సన్నటి వాక్యూమ్ గొట్టం మూతిని ఇంకో వేలితో మూసి, నొక్కిన వేలు తీసేయాలి. అలాగే పైన ఉండిపోతే మంచిది. మెల్లగా జారి దిగితే చిరిగింది. నా పాతది నాలుగు సెకన్లలో దిగిపోయింది. రైలెక్కొచ్చిన చెన్నై స్నేహితుడు తన దగ్గర స్పేర్‌గా ఉన్నది ఇచ్చి వెళ్లాడు, 910 గోల మీద క్షమాపణగా.

అన్నీ బిగించాక పనిలో పనిగా ప్లగ్గులు, 0.8 మిల్లీమీటర్ల గ్యాప్, 30 న్యూటన్ మీటర్లు. ఆయిలు కూడా మార్చా, వీడబ్ల్యూ 502 స్పెక్ ఉన్న 5డబ్ల్యూ-40. దీని మీద పుస్తకం ఏం చెప్పినా నేను 7,500కే మారుస్తా. టర్బో బతికేది ఆ నూనె పొర మీదే. టైమింగ్ బెల్టు 1,98,000 దగ్గర వాటర్ పంపుతో సహా మారింది కాబట్టి దాని జోలికి పోలేదు. ఈ ఇంజిన్‌లో బెల్టు తెగితే వాల్వులు వెళ్లి పిస్టన్లని ముద్దు పెట్టుకుంటాయి, అది మాత్రం నేను కిలోమీటర్లతో పాటు క్యాలెండర్ కూడా చూసి మారుస్తా.

కోడ్లు తుడిచి, స్టార్ట్ చేశా. ముల్లు 800 దగ్గర నిలబడింది. ఊగలేదు. అన్న బానెట్ మీద చెయ్యి పెట్టి కాసేపు విన్నాడు, ఏమీ అనలేదు, టీ చెప్పాడు.

సెప్టెంబర్ 7, ఆదివారం. ఓడోమీటర్ 2,22,410

వారం పాటు మామూలుగా నడిపాక (సవరణలు స్థిరపడాలి కదా) ఊరికని బయల్దేరి, చిక్కబళ్లాపుర దాటాక ఖాళీ చూసి ఒక పరుగు. అడిగింది 1600, వచ్చింది 1590. ఎన్75 డ్యూటీ 95 నుంచి 60ల్లోకి దిగింది, అంటే టర్బోకి ఇంకా ఊపిరి మిగిలే ఉంది. మాఫ్ 117 గ్రాములు. 032లో మొదటి అంకె +0.9. రెండోది +5.8, అది ఇథనాల్ బాకీ, నా చేతిలో లేదు. దాని కోసం బానెట్ కింది పాత ఫ్యూయల్ హోసుల్ని మాత్రం జాబితాలో పెట్టా, వేలితో నొక్కితే గట్టిపడి చిన్న పగుళ్లు కనిపిస్తున్నాయి.

లక్షా అరవై వేల కొటేషన్ ఇంకా గ్లోవ్ బాక్సులోనే ఉంది. ఇప్పటిదాకా అయింది, టీలతో సహా, 14,300.

అక్టోబర్ 1

ఆయుధ పూజ. షెడ్డులో బండికి పసుపు, కుంకుమ, చక్రాల కింద నిమ్మకాయలు. అన్న బూడిద గుమ్మడికాయ దిష్టి తీసి పగలగొట్టాడు. ముక్క ఒకటి ఎగిరొచ్చి కొత్తగా పెట్టిన లైనర్‌కి తగిలింది, ఏం కాలేదు.

అక్టోబర్ 25

రిజిస్ట్రేషన్ రెన్యువల్. ముందు పొగ పరీక్ష: నా బండి కాలం నాటివాటికి కార్బన్ మోనాక్సైడ్ 0.5 శాతం లోపు ఉండాలి, నాది 0.08. జూన్‌లో చేయించి ఉంటే ఏమొచ్చేదో. రుసుము సంగతే నొప్పి. 2022 ఏప్రిల్‌కి ముందు 600 ఉండేది, తర్వాత 5,000 అయింది, ఈ ఆగస్టులో ఇరవై ఏళ్లు దాటినవాటికి 10,000 చేశారు. నా బండికి సరిగ్గా నవంబర్‌కి ఇరవై నిండుతాయి, పదివేలే పడింది. గ్రీన్ టాక్స్ అదనం. ఇన్‌స్పెక్టర్ చాసిస్ నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించుకుని, లైట్లు, హారన్ చూసి, ఇంజిన్ స్టార్ట్ చేయమన్నాడు. విన్నాడు. "ఎన్ని కిలోమీటర్లు తిరిగింది?" అని కన్నడంలో అడిగితే చెప్పా. ఓడోమీటర్‌ని ఒకసారి, నన్నొకసారి చూసి సంతకం పెట్టాడు.

నవంబర్ 16

కొత్త ఆర్‌సీ చేతికొచ్చింది. నాన్నని హిందూపురంలో ఎక్కించుకుని వస్తున్నా, వాన. ఎక్కడా ఆగకుండా మంచి ఊపులో ఉంది బండి, నాన్న కూడా "పర్లేదురా, బానే లాగుతోంది" అన్నాడు, తొమ్మిదేళ్లలో మొదటిసారి. టోల్ దగ్గర ఫాస్టాగ్ చదవలేదు. కుర్రాడితో మాట్లాడదామని అద్దం సగం దించా. డోర్ లోపల టక్‌మని చప్పుడు, అద్దం మొత్తం ధడాల్న కిందికి జారి కనపడకుండా పోయింది. ఇరవై ఏళ్ల ప్లాస్టిక్ క్లిప్పులు, అద్దాన్ని ఎత్తి దించే రెగ్యులేటర్‌వి. ఎప్పుడో ఒకప్పుడు విరుగుతాయని జాబితాలో పదకొండో నంబర్ వేసి పెట్టుకున్నవే.

బెంగళూరు దాకా నాన్న తన కండువా నా కుడి భుజం మీద కప్పి పట్టుకుని కూర్చున్నాడు. ఏమీ అనలేదు. హెబ్బాళ ఫ్లైఓవర్ ఎక్కాక మాత్రం, "ఆ కొటేషన్ ఇచ్చినాయన అద్దాలు కూడా చూస్తాడేమో అడుగు" అన్నాడు.

క్లిప్పులు ఆర్డర్ పెట్టా. వచ్చే ఆదివారం షెడ్డు.